కొత్త చేతులకు పాత కీబోర్డు

సామర్లకోట, పెద్దాపురం, కాకినాడ పరిసరాల్లో చర్చి ఆరాధనలోనైనా, కార్తీకమాసపు భజనలోనైనా, పెళ్ళిపందిట్లో ఏర్పాటు చేసే పాటకచేరీలోనైనా గాయకుడి పక్కన నేడు ఎక్కువగా కనిపించే వాద్యం ఎలక్ట్రానిక్ కీబోర్డు. సంగీతం మీద ఆసక్తి చూపే పిల్లలకు పుట్టినరోజు కానుకగానో, ఉద్యోగ విరమణ చేసి తీరిక దొరికిన తండ్రికి కాలక్షేపంగానో, చర్చి యువజన బృందానికి క్రిస్మస్ బహుమతిగానో దీన్ని ఇవ్వాలన్న ఆలోచన మధ్యతరగతి కుటుంబాల్లో తరచుగా కలుగుతుంది. కానీ మంచి కొత్త వాద్యం ధర చాలా ఇళ్ళకు అందుబాటులో ఉండదు కనుక కొందరు ఆ ఆలోచనే మానుకుంటారు, మరికొందరు బొమ్మల దుకాణంలో దొరికే చిన్న పరికరంతో సరిపెడతారు. ఈ రెండింటికంటే మేలైన మార్గం, ఒకరు వాడి పక్కనపెట్టిన నాణ్యమైన కీబోర్డును పరీక్షించి కొనడం. ఆ పరీక్ష సంగీతం రానివారు కూడా చేయగలిగినదే అయినా, ఏం చూడాలో, ఎందుకు చూడాలో ముందుగా తెలిసి ఉండాలి.

మెట్ల వాద్యం ఈ ప్రాంతపు చెవికి కొత్తది కాదు. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాయిన్ పేటెంటు పొందిన హార్మోనియం, కాళ్ళతో తిత్తి తొక్కుతూ వాయించే బల్లంత వాద్యంగా ఐరోపా వారితోపాటు భారతదేశానికి వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ రెండో చేత్తో వాయించగలిగే పెట్టెగా మలచిన తరువాత అది నేలమీద కూర్చుని పాడే మన పద్ధతికి ఒదిగిపోయింది. ఆ మార్పు జరిగిన కొద్ది సంవత్సరాలకే, 1882లో, కెనడియన్ బాప్టిస్టు మిషను సామర్లకోటలో క్రైస్తవ వేదాంత పాఠశాలను నెలకొల్పింది; మెట్ల వాద్యం తోడుగా కీర్తనలు పాడే అలవాటు తెలుగు క్రైస్తవ సమాజాల్లో క్రమంగా వేళ్ళూనింది. మరోవైపు పద్యనాటకం దాన్ని పూర్తిగా తన సొంతం చేసుకుంది. రంగస్థలం మీద పద్యం ఎత్తుకునే నటుడికి శ్రుతి అందించడం, రాగం తీసేటప్పుడు వెన్నంటి ఉండడం, ఊపిరి తీసుకునే చోట ఖాళీని పూరించడం హార్మోనిస్టు బాధ్యతలు కనుక మంచి హార్మోనిస్టు లేనిదే గోదావరి జిల్లాల్లో నాటకం రక్తికట్టదన్న మాట నిలిచిపోయింది. నేటి కీబోర్డు ఆ పరంపరలోనే వచ్చి చేరింది. కీబోర్డుల తయారీలో ప్రసిద్ధమైన యమహా సంస్థ పుట్టుక కూడా ఇలాంటి వాద్యంతోనే ముడిపడి ఉంది: 1887లో జపాన్‌లోని హమమత్సులో ఒక పాఠశాలకు చెందిన పాడైపోయిన రీడ్ ఆర్గన్‌ను, అంటే హార్మోనియం జాతికి చెందిన వాద్యాన్ని, బాగుచేసిన తొరాకుసు యమహా అనే పనివాడు ఆ అనుభవంతోనే సొంత ఆర్గన్ తయారీకి పూనుకున్నాడు.

హార్మోనియం మీద పండితులు చేసిన ప్రధానమైన ఆక్షేపణ కీబోర్డుకు కూడా వర్తిస్తుంది కాబట్టి, బహుమతి ఇచ్చేవారు దాన్ని తెలుసుకోవడం అవసరం. మెట్టు నొక్కినప్పుడు పలికే స్వరం ఒకచోట స్థిరంగా నిలిచి ఉంటుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతూ, ఊగుతూ వెళ్ళే గమకం దాని మీద పలకదు. కర్ణాటక సంగీతానికి గమకమే ప్రాణం. ఇలాంటి ఆక్షేపణలతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని ప్రసారాల నుంచి నిషేధించింది, 1971లో గాని ఆ ఆంక్ష సడలలేదు. ఎలక్ట్రానిక్ వాద్యాల్లో ఈ లోటును కొంతవరకు తీర్చే సాధనం పిచ్ బెండ్ చక్రం: ఎడమచేతి వైపు ఉండే ఈ చిన్న చక్రాన్ని వేలితో ముందుకూ వెనక్కూ కదిపితే మోగుతున్న స్వరం పైకో కిందికో జారుతుంది. సాధన చేసినవారు కుడిచేత్తో మెట్లను, ఎడమచేత్తో చక్రాన్ని నడుపుతూ రాగభావాన్ని చాలావరకు పలికించగలరు. కనుక కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నవారికి కీబోర్డు కొనదలచినప్పుడు, వందల కొద్దీ ధ్వనులున్నా పిచ్ బెండ్ లేని వాద్యం కంటే, ధ్వనులు తక్కువైనా అది ఉన్న వాద్యమే పనికివస్తుంది.

పాశ్చాత్య వాద్యాన్ని మన సంగీతానికి వంచిన గొప్ప ఉదాహరణ ఈ గోదావరి డెల్టాలోనే ఉంది. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నతనంలోనే తండ్రి సత్యనారాయణ వాయించే మాండలిన్‌ను చేతబట్టాడు. కొడుకులోని ప్రతిభను గుర్తించిన తండ్రి ఆ తరువాతే అతనికి కొత్త మాండలిన్ కొనిచ్చాడు. రుద్రరాజు సుబ్బరాజు శిక్షణలో పెరిగిన ఆ బాలుడు 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశాడు, జంట తీగలుండే మాండలిన్‌ను అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకుని కర్ణాటక సంగీతంలో దానికి శాశ్వత స్థానం సంపాదించాడు. ఈ చరిత్రలో బహుమతి ఇచ్చేవారు గమనించవలసింది వరుసక్రమం: ఇంట్లో ఉన్న, అప్పటికే ఒకరు వాయించిన వాద్యం మొదట చేతికి వచ్చింది, కొత్తది ఆసక్తి రుజువైన తరువాత వచ్చింది. సాధన నిలుస్తుందో లేదో తెలియని దశలో పాత వాద్యం ఇవ్వడం ఏ విధంగానూ చిన్నతనం కాదు, పైగా అదే వివేకం.

ఏ రకం వాద్యం కొనాలన్న దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, ఎందుకంటే చూడడానికి ఒకేలా ఉండే పరికరాలు నాలుగైదు రకాలున్నాయి. వాడుకలో అందరూ కీబోర్డు అని పిలిచేది పోర్టబుల్ కీబోర్డు. స్పీకర్లు, ధ్వనులు, తాళాలు అన్నీ అందులోనే ఉండి, కరెంటుకు తగిలించగానే మోగుతుంది. వీటిలో ఎడమచేత్తో స్వరసమూహం పట్టగానే డ్రమ్ములు, గిటారు, బేస్ కలిపి వెనుక వాద్యబృందంలా నడిపించే సౌకర్యం ఉన్నవాటిని అరేంజర్ అంటారు. సింథసైజర్ దీనికి భిన్నమైనది: ధ్వనిని విద్యుత్ సంకేతాలతో మూలం నుంచి తయారుచేసి, వాయించేవారు తమకు కావలసినట్టు దాన్ని మార్చుకునేందుకు వీలిచ్చే వాద్యం. ఆర్కెస్ట్రా కళాకారులు వేదిక మీద వాడేవి ఎక్కువగా ఇవే. వీటిలో చాలావాటికి సొంత స్పీకర్లు ఉండవు. మనదేశంలో ఆర్కెస్ట్రాల వారికి బాగా పరిచితమైన రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 అందుకు ఉదాహరణ. అలాంటి వాద్యాన్ని చౌకగా దొరికిందని కొని ఇంటికి తెస్తే, ఆంప్లిఫయరో హెడ్‌ఫోనో కొనేదాకా అది పలకదు. ఇంకో రకం మిడి కంట్రోలర్. 1983లో వివిధ సంస్థల ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు ఏర్పడిన ఉమ్మడి పద్ధతి పేరు మిడి. అది ధ్వనిని కాక, ఏ మెట్టు ఎంత బలంగా నొక్కారన్నటువంటి సమాచారాన్ని మాత్రమే పంపుతుంది. కంట్రోలర్‌లో ఉన్నవి మెట్లే, ధ్వని అసలు లేదు, కంప్యూటర్ వంటి పరికరానికి తగిలిస్తేనే దానికి అర్థం. సొంతంగా పాటలు రికార్డు చేసే యువకుడికి ఇది చక్కని కానుక కావచ్చు గాని, కంప్యూటర్ లేని ఇంట్లో పదేళ్ళ పిల్లకు ఇస్తే అది మూగ పెట్టె. డిజిటల్ పియానో ఇంకొకటి: 88 బరువైన మెట్లతో, అసలు పియానోను అనుకరించే ఈ వాద్యం పాశ్చాత్య పియానో శిక్షణ పొందేవారికే అవసరం, మోయడమూ కష్టం.

కాబట్టి మొదటి ప్రశ్న వాద్యం గురించి కాదు, అందుకునే మనిషి గురించి. చర్చిలో వాయించాలనుకునే యువకుడికి, సినిమా పాటలు ఇష్టపడే కాలేజీ విద్యార్థికి, భజన బృందంలో చేరాలనుకునే పెద్దాయనకు స్పీకర్లున్న అరేంజర్ సరిపోతుంది. వీరికి భారతీయ విపణి కోసమే రూపొందించిన నమూనాలు ప్రత్యేకంగా ఉపయోగపడతాయి: యమహాలో పీఎస్ఆర్-ఐ455, పీఎస్ఆర్-ఐ500, కేసియోలో సీటీకే-7300ఐఎన్, సీటీ-ఎక్స్870ఐఎన్ వంటివాటిలో తబలా, డోలక్, సితార్, షెహనాయి, వేణువు ధ్వనులూ, దాద్రా, కహర్వా వంటి భారతీయ తాళాలూ ఉంటాయి. విదేశాల కోసం చేసిన నమూనాల్లో ఈ తాళాలు తక్కువ కనుక, భజనకు కూర్చున్నవారు వాల్ట్జ్ వంటి పాశ్చాత్య నడకతో సర్దుకోవలసి వస్తుంది. పేరులో ఉండే ‘ఐ’, ‘ఐఎన్’ అన్న ఆ ఒకటి రెండు అక్షరాల తేడాను అమ్మేవారు చెప్పకపోవచ్చు. కొనేవారు వాద్యం పైన ముద్రించిన నమూనా సంఖ్యను చూసి పోల్చుకోవాలి.

మెట్ల సంఖ్య, వాటి పరిమాణం తరువాతి విషయాలు. 61 మెట్ల వాద్యం, అంటే 36 తెల్ల మెట్లు, 25 నల్ల మెట్లతో అయిదు స్థాయిలు పలికేది, నేర్చుకునేవారికి అన్ని విధాలా తగిన కొలత. ఒక స్థాయి అంటే షడ్జం నుంచి పై షడ్జం వరకు ఉన్న దూరం. సాధారణ వాద్యంలో తెల్ల మెట్టు వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు, ఒక స్థాయి సుమారు పదహారున్నర సెంటీమీటర్లు. చిన్నపిల్లల కోసమని అమ్మే మినీ కీబోర్డుల్లో ఈ కొలత తగ్గిపోతుంది. పిల్లల వేళ్ళు చిన్నవి కదా అని అవి కొనేవారు మరచిపోయేదేమిటంటే, వేళ్ళ మధ్య దూరం చేతికి అలవాటై, చూడకుండా వాయించగలగడమే ఈ విద్యలో మొదటి మెట్టు. మినీ మెట్ల మీద పడిన ఆ అలవాటును మాస్టారి దగ్గర పెద్ద వాద్యం ముందు కూర్చున్నప్పుడు మళ్ళీ విడిపించుకోవాలి. ఏడెనిమిదేళ్ళ పిల్లలు పూర్తి పరిమాణపు మెట్ల మీదే హాయిగా నేర్చుకోగలరు.

పాత వాద్యం కొనేటప్పుడు అన్నిటికంటే ముఖ్యంగా పరిశీలించవలసింది టచ్ రెస్పాన్స్, అంటే మెట్టును మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికే గుణం. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ తీరప్రాంతంలో అది ఎందుకు తరచుగా పాడవుతుందో కూడా అర్థమవుతుంది. మెట్ల కింద పొడవునా ఒక రబ్బరు పట్టీ పరచి ఉంటుంది, దాని మీద ఒక్కో మెట్టుకు ఒక్కో చిన్న బుడిపె. ఆ బుడిపె లోపల కార్బన్ పూసిన రెండు నల్లని చుక్కలు ఒకటి కాస్త కిందుగా, రెండోది కాస్త పైగా అమరి ఉంటాయి. మెట్టు దిగేటప్పుడు మొదటి చుక్క సర్క్యూట్ బోర్డును తాకుతుంది, మరుక్షణం రెండోది తాకుతుంది, ఈ రెండు తాకిళ్ళ మధ్య గడిచిన సూక్ష్మకాలాన్ని లెక్కించి వాద్యం ధ్వని తీవ్రతను నిర్ణయిస్తుంది. కాకినాడ నుంచి వీచే సముద్రపు గాలిలోని తేమ, కోతల కాలంలో ఎగిరే ధాన్యపు ధూళి, దీపాల పురుగులు, చీమలు, ఏళ్ళ తరబడి మూతలేని వాద్యంలోకి చేరి ఈ చుక్కల మీద సన్నని పొరగా పేరుకుంటాయి. రెండు చుక్కల్లో ఒకటి సరిగా తాకకపోతే లెక్క తప్పి, మెట్టు అసలు పలకకపోవడమో, మెల్లగా నొక్కినా ఒక్కసారిగా పెద్దగా మోగడమో జరుగుతుంది. అనుభవం లేనివారు దీన్ని తమ వేళ్ళ దోషంగా భావిస్తారు, అందుకే నేర్చుకునే పిల్ల చేతికి ఇలాంటి వాద్యం వెళ్ళడం విచారకరం: తప్పు తనదేనని నమ్మి, చివరికి తనకు సంగీతం రాదన్న నిర్ణయానికి ఆ పిల్ల వచ్చేస్తుంది.

కాబట్టి పరీక్ష ఇలా జరగాలి. ముందుగా పియానో ధ్వనిని ఎంచుకుని, తాళాలు ఆపి, ఎడమ చివర నుంచి కుడి చివర వరకు తెల్లవీ నల్లవీ ఒక్కటి కూడా విడవకుండా ప్రతి మెట్టునూ మెల్లగా నొక్కాలి. తరువాత అదే వరుసలో గట్టిగా నొక్కాలి. ధ్వని పక్క మెట్లతో సమానంగా పెరుగుతోందా, ఏదైనా మెట్టు ఒక్కసారిగా అరుస్తోందా, ఏదైనా నొక్కాక లేవకుండా ఉండిపోతోందా అన్నది చెవికీ వేలికీ వెంటనే తెలిసిపోతుంది. సంగీతం ఏమాత్రం రాకపోయినా దీనికి అడ్డు లేదు. దోషం కనిపించినప్పుడు అది ఏ పద్ధతిలో ఉందో చూడాలి: అక్కడక్కడ ఒకటి రెండు మెట్లు పలకకపోతే అది చాలావరకు మురికి, రబ్బరు పట్టీని తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కార్బన్ చుక్కలనూ బోర్డునూ సున్నితంగా తుడిస్తే బాగవుతుంది, లేదా పట్టీ మార్చవలసి ఉంటుంది, కానీ వరుసగా ఒక గుంపు మెట్లో, సమాన దూరాల్లో ఒక్కొక్కటిగా పలకని మెట్లో ఉంటే లోపలి రిబ్బన్ తీగ, డయోడు, లేదా బోర్డు మీది రాగి గీత దెబ్బతిన్నదని అర్థం. ఆ బాగు ఎంతకు తేలుతుందో ముందుగా చెప్పలేరు, అలాంటి వాద్యాన్ని బహుమతి కోసం కొనకపోవడమే మంచిది. ఒక మెట్టు మిగతా వాటికంటే ఎత్తుగానో పల్లంగానో ఉంటే దాని ప్లాస్టిక్ మడత విరిగిందన్నమాట. మెట్లు పసుపురంగుకు తిరగడం మాత్రం దోషం కాదు, అది వయసుతోనూ వెలుతురుతోనూ వచ్చిన మార్పు, వాయించడానికి ఏ అడ్డూ ఉండదు, పైగా బేరానికి పనికివస్తుంది.

మెట్ల తరువాత మిగతా భాగాలు వేగంగా చూడవచ్చు. వాల్యూమ్ తిప్పేటప్పుడు గరగర వినిపించినా అది మురికి వల్లనే, పెద్ద ప్రమాదం కాదు. ముప్పాతిక వాల్యూమ్‌లో ఎడమ చివరి మంద్ర స్వరాలు వాయించినప్పుడు చిరిగిన కాగితంలా శబ్దం వస్తే స్పీకరు దెబ్బతిన్నది. స్పీకర్లు అసలు పలకకుండా హెడ్‌ఫోన్‌లో మాత్రమే వినిపిస్తుంటే, హెడ్‌ఫోన్ రంధ్రంలోని చిన్న స్విచ్ బిగుసుకుపోయి ఉండవచ్చు; కొన్నిసార్లు హెడ్‌ఫోన్ పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీస్తేనే అది విడుతుంది. పిచ్ బెండ్ చక్రాన్ని కదిపి వదిలితే సరిగ్గా మధ్యకు వచ్చి నిలవాలి, లేకపోతే వాద్యమంతా శ్రుతి తప్పి మోగుతుంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్‌తో దీన్ని తేల్చుకోవచ్చు. శ్రుతి తేడాగా అనిపించగానే వాద్యం చెడిందని తీర్మానించడం కూడా సరికాదు. గాయకుడి గొంతుకు అనువుగా శ్రుతిని ఒకటి నుంచి ఒకటిన్నరకో రెండుకో జరిపే ట్రాన్స్‌పోజ్ సౌకర్యం దాదాపు ప్రతి కీబోర్డులోనూ ఉంటుంది. పాత యజమాని దాన్ని తన గొంతుకు సరిపెట్టి అలాగే వదిలేసి ఉండవచ్చు, సున్నాకు తెచ్చి మళ్ళీ చూడాలి. వాద్యంలో ఉండే డెమో పాటను వినిపించి ఎంత బాగా మోగుతోందో చూడమని అమ్మేవారు అంటారు గాని, ఆ పాట మెట్లను ఉపయోగించదు కనుక దానివల్ల స్పీకర్లు బాగున్నాయని తప్ప మరేమీ తెలియదు.

విద్యుత్ సరఫరా దగ్గర జరిగే తప్పు మాత్రం వాద్యాన్ని క్షణంలో కాల్చివేయగలదు. కీబోర్డుతో అసలు అడాప్టర్ రాకపోతే ఇంట్లో దొరికినదాన్ని తగిలించకూడదు. వోల్టేజి ఒక్కటే కలిస్తే చాలదు, పిన్ను మధ్యభాగం ధనమా ఋణమా అన్నది కూడా కలవాలి. పాత కేసియో కీబోర్డుల్లో చాలావాటికి మధ్యభాగం ఋణం, యమహా 12 వోల్టుల అడాప్టర్లకు మధ్యభాగం ధనం. రంధ్రం పక్కన ముద్రించి ఉండే చిన్న గుర్తులో మధ్య చుక్కకు కలిసిన గీత ఏ గుర్తు వైపు వెళుతోందో చూస్తే ఇది తెలుస్తుంది. అడుగున ఉన్న బ్యాటరీ అర తెరిచి చూడడం కూడా అవసరం, పాత సెల్స్ కారి స్ప్రింగుల మీద పచ్చని లేదా తెల్లని పొడి పేరుకుని ఉంటే ఆ ద్రవం లోపలి బోర్డును కూడా తిని ఉండవచ్చు. అమెరికాలోనో జపాన్‌లోనో ఉన్న బంధువులు పంపే వాద్యాల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. అమెరికా ఇళ్ళలో కరెంటు 120 వోల్టులు, జపాన్‌లో 100, మనకు 230. బయట అడాప్టర్ ఉన్న కీబోర్డుకు ఆ అడాప్టర్ మీద 100 నుంచి 240 వరకు అని రాసి ఉంటే చింత లేదు, లేకుంటే ఇక్కడి అడాప్టర్ కొనాలి. కానీ కరెంటు తీగ నేరుగా వాద్యంలోకే వెళ్ళే పెద్ద సింథసైజర్లను వెనుక ఉన్న వోల్టేజి వివరం చదవకుండా ఇక్కడి ప్లగ్గులో పెట్టకూడదు.

పేరున్న పాత సింథసైజర్ చౌకగా దొరుకుతోందన్న మాట వినగానే ఆకర్షణ కలగడం సహజం. 1983లో యమహా విడుదల చేసిన డీఎక్స్7 ప్రపంచ సంగీతాన్నే మార్చింది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొన్న ఎఫ్ఎం పద్ధతి, అంటే ఒక ధ్వని తరంగంతో మరో తరంగాన్ని కంపింపజేసి కొత్త ధ్వనులు పుట్టించే పద్ధతి, ఆ వాద్యం ద్వారానే వేల మంది చేతికి అందింది, ఆ దశాబ్దపు సినిమా పాటల్లో వినిపించే గాజులాంటి ఎలక్ట్రిక్ పియానో ధ్వనికి అది ఒక ముఖ్యమైన మూలం. అయినా అలాంటి వాద్యం నేర్చుకునేవారికి తగిన బహుమతి కాదని గట్టిగా చెప్పాలి. దాని జ్ఞాపకశక్తిని నిలిపే బ్యాటరీ లోపల బోర్డుకు అతికించి ఉంటుంది, అది అయిపోతే దాచుకున్న ధ్వనులు పోతాయి. స్పీకర్లు లేవు, తాళాలు లేవు, విడిభాగాలు సులువుగా దొరకవు. తొంభైల నాటి కీబోర్డుల్లో కనిపించే ఫ్లాపీ డ్రైవులూ అంతే. చరిత్ర తెలిసి, బాగుచేసుకునే ఓపిక ఉన్నవారికే అవి నిజమైన కానుకలు.

ధర నిర్ణయించడానికి సులువైన పద్ధతి ఒకటుంది. అదే తరహా సౌకర్యాలతో నేడు కొత్తగా దొరికే నమూనా ధర ముందుగా తెలుసుకోవాలి. యమహా 2019లో చెన్నై సమీపంలోని తన కర్మాగారంలో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత ప్రారంభ స్థాయి కీబోర్డులు మనదేశంలోనే తయారవుతున్నాయి కనుక, పాతదాని ధర పదేళ్ళ కిందటి బిల్లును బట్టి కాక నేటి కొత్త ధరను బట్టే లెక్కించాలి. అన్నీ సరిగా పనిచేసే పాత వాద్యానికి ఆ కొత్త ధరలో సగం వరకు ఇవ్వవచ్చు, బాగా కొత్తగా ఉండి బిల్లూ అడాప్టరూ పెట్టే కూడా ఉంటే ఇంకొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. స్టాండు, అడాప్టర్, సస్టెయిన్ పెడల్, అంటే మెట్టు వదిలాక కూడా స్వరాన్ని నిలిపే కాలిమీట, వీటికయ్యే ఖర్చును మొదటి నుంచీ బడ్జెట్‌లో కలుపుకోవాలి. మొత్తం లెక్క వేసిన తరువాత కొత్తదానికి దగ్గరగా వస్తే కొత్తదే కొనాలి, దానికి వారంటీ ఉంటుంది.

పాత వాద్యాలు ఎక్కడ దొరుకుతాయంటే, ఆన్‌లైన్ ప్రకటనల కంటే ముందు వెతకవలసిన చోటు ఇరుగుపొరుగే. చర్చిలు పెద్ద వాద్యాలకు మారినప్పుడు చిన్నవి మూలకు చేరతాయి. ఆర్కెస్ట్రా బృందాలవారు వేదిక వాద్యాలను తరచుగా మారుస్తుంటారు. ఉత్సాహంగా కొని ఆరు నెలల్లో మంచం కిందికి నెట్టిన కీబోర్డులు ఇళ్ళలో ఉంటాయి, వీటిలో చివరి రకం తక్కువగా వాడినది కనుక తరచుగా అన్నిటికంటే మేలైనది. వేదిక మీద తిరిగిన వాద్యం ఎక్కువ ప్రయాణాలు చేసి ఉంటుంది, దాని రంధ్రాలూ తీగలూ మరింత జాగ్రత్తగా చూడాలి. సంగీత మాస్టార్లకు ఊళ్ళో ఎవరి వద్ద ఏ వాద్యం ఖాళీగా ఉందో సాధారణంగా తెలిసే ఉంటుంది. ఎవరి వద్ద కొన్నా బిల్లు అడగడం, లేకుంటే అమ్మేవారి పేరుతో రసీదు రాయించుకుని వాద్యం అడుగున ఉన్న సీరియల్ నంబరును అందులో వేయించడం తప్పనిసరి. ప్రార్థనాస్థలాల నుంచి, పాఠశాలల నుంచి పోయిన వాద్యం తెలియక బహుమతిగా ఇంటికి చేరడం ఎవరికీ మంచిది కాదు. ఫొటో చూసి ముందుగా డబ్బు పంపడం ఎంతమాత్రం చేయకూడదు. సామర్లకోట జంక్షన్ మీదుగా అటు విశాఖపట్నానికీ ఇటు రాజమహేంద్రవరం, విజయవాడలకూ రైళ్ళు పుష్కలంగా ఉన్నాయి కాబట్టి, మంచి వాద్యం దొరికితే స్వయంగా వెళ్ళి వాయించి చూసి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. 61 మెట్ల కీబోర్డు దాదాపు మీటరు పొడవు, నాలుగు నుంచి ఏడు కిలోల బరువు ఉంటుంది. మందమైన దుప్పటి చుట్టి, మెట్ల మీద ఏ బరువూ పడకుండా పెట్టుకోవాలి. మోటారు సైకిల్ మీద అడ్డంగా పట్టుకుని తీసుకురావడం వల్ల విరిగే మెట్లు ఎక్కువ.

బహుమతి అనగానే చివరి క్షణం వరకు దాచాలన్న కోరిక ఉంటుంది. ఈ విషయంలో ఆ కోరికను కొంత వదులుకోవడం మేలు. అందుకునేవారి సంగీత మాస్టారిని వెంట తీసుకువెళ్ళి ఆయన చేత పావుగంట వాయించి చూపించుకుంటే, సగం పరీక్ష దానితోనే అయిపోతుంది, నేర్పబోయేవారికి ఆ వాద్యం పరిచయమూ అవుతుంది. వాడుక పుస్తకం పోయినా దిగులు లేదు, నమూనా సంఖ్య చెబితే తయారీ సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ముద్రించి వాద్యంతో కలిపి ఇస్తే పిల్లలు సగం సౌకర్యాలు తెలియకుండా వదిలేయరు. ఇంటికి వచ్చాక వాద్యాన్ని కిటికీకి, ఏసీ నీరు కారే గోడకు దూరంగా పెట్టాలి, వాయించనప్పుడు గాలి ఆడే నూలు గుడ్డ కప్పాలి; ప్లాస్టిక్ కవరు బిగించి కడితే వానాకాలంలో తేమ లోపలే నిలిచిపోతుంది. వారానికి ఒక్కసారైనా ఒక గంట మోగే వాద్యం మూలన పడి ఉన్నదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ ప్రాంతంలోని చర్చిల్లో, క్లబ్బుల్లో, ఇళ్ళలో ఒకటి రెండు మెట్లు పలకడం లేదన్న కారణంతోనే మూలపడిన కీబోర్డులున్నాయి. వాటికి కావలసింది చాలావరకు ఒక రబ్బరు పట్టీ, ఒక పూట శ్రమ మాత్రమే. అలాంటి వాద్యం ఉన్నవారు దాన్ని పాత సామాన్ల బండికి వేయకుండా శుభ్రం చేయించి, అడాప్టర్, బిల్లు, స్టాండు ఏది ఉంటే అది కలిపి, నేర్చుకుంటున్న పిల్లలున్న ఇంటికి న్యాయమైన ధరకు అమ్మాలి, వీలైతే ఊరికే ఇవ్వాలి.